కాళ్లు వచ్చాయి, చేతులు రావాలి

టోక్యోలో షింబాషి నుంచి ఒదైబా వైపు వెళ్లే యురికమోమె రైలుకి డ్రైవర్ లేడు. 1995లో మొదలైన నాటి నుంచీ అంతే. ముందు పెట్టెలో డ్రైవర్ ఉండాల్సిన చోట ప్రయాణికుల సీట్లు వేశారు. వాటి కోసం పిల్లలు పోటీ పడతారు. రెయిన్‌బో బ్రిడ్జి దాటుతున్నంతసేపూ మా ముందు కూర్చున్న ఓ పిల్లాడు గాల్లో స్టీరింగు తిప్పుతూనే ఉన్నాడు. నా పక్కన మా మేనల్లుడు. ఆ ఊళ్లోనే ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో రోబో చేతుల మీద పరిశోధన చేస్తున్నాడు.

"మామయ్యా, రోబోల్ని చూడ్డానికి ఇంత దూరం వచ్చారు. ఇప్పుడు మీరు కూర్చున్నది రోబోలోనే" అన్నాడు.

నిజమే. రైలు తనంత తాను నడవాలంటే డ్రైవర్ సీట్లో మరమనిషిని కూర్చోబెట్టనక్కర్లేదు, రైలుకే ఆ తెలివి పెడితే సరిపోతుంది. మరి మనిషి ఆకారంలో రోబో ఎందుకు? దాన్ని తయారుచేసేవాళ్ల జవాబు ఒక్కటే. మెట్లు, తలుపు గొళ్లేలు, స్క్రూడ్రైవర్లు, వంటింటి అరలు అన్నీ మన కాళ్లకూ చేతులకూ తగ్గట్టు కట్టుకున్నవి. వాటిని మార్చకుండా రోబోని వాడాలంటే దానికి మన ఆకారమే ఉండాలి. వాదన బాగానే ఉంది. అది ఎంతవరకు నిలబడిందో కళ్లారా చూడాలనే 2025 ఆగస్టులో బయల్దేరాను. టోక్యో చూసుకుని అక్కణ్ణుంచి బీజింగ్ వెళ్లాలని ఏర్పాటు.

మనవాళ్లకు ఈ రోబోలు కొత్త కాదు. 2017 నవంబరులో హైదరాబాద్‌లో జరిగిన ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సులో బెంగళూరులో తయారైన 'మిత్ర' ప్రధాని ముందుకు వచ్చింది. మూణ్ణెల్లకే 'సోఫియా' అదే నగరంలో వేదికెక్కి మాట్లాడింది. మిత్ర నడిచింది చక్రాల మీద. సోఫియాను అందరూ చూసింది ముఖం కోసం, మాటల కోసం. ఇప్పుడు ఫోన్లలో కనిపించేవి వేరు. అవి పరుగెడుతున్నాయి, పిల్లిమొగ్గలు వేస్తున్నాయి, బట్టలు మడతపెడుతున్నాయి. ఇంతగా మెచ్చుకుంటున్నదాన్ని దేనితో కొలిచి మెచ్చుకోవాలన్నదే నాకు పట్టుకున్న ప్రశ్న.

ఒదైబాలో మిరైకన్ అనే సైన్స్ మ్యూజియం ఉంది. లోపలికి అడుగుపెట్టగానే పైనుంచి వేలాడే పెద్ద భూగోళం కనిపిస్తుంది, దాని మీద మబ్బులు కదులుతుంటాయి. ఇరవై ఏళ్లపాటు ఇక్కడికి జనం వచ్చింది మాత్రం హోండా వారి అసిమో కోసం. 2002లో చేరిన అసిమో 2022 మార్చి 31న చివరి ప్రదర్శన ఇచ్చి సెలవు తీసుకుంది. ఎత్తు 130 సెంటీమీటర్లు, అంటే ఎనిమిదేళ్ల పిల్లాడంత. హోండా ఈ పని 1986లోనే గుట్టుగా మొదలుపెట్టి, 2000లో అసిమోను లోకానికి చూపించింది. 2011లో వచ్చిన కొత్త అసిమో బరువు 48 కిలోలు, 57 చోట్ల కదిలే కీళ్లు, గంటకు 9 కిలోమీటర్ల పరుగు. అది సీసా మూత తిప్పి తీసి, మెత్తటి పేపరు కప్పు నలగకుండా పట్టుకుని అందులో పానీయం పోసింది కూడా.

నేను అక్కడే ఆగిపోయాను. సీసా మూత తీసి కప్పులో పోయడం చేతి పనుల్లో చాలా కష్టమైనది. 2011లోనే అది జరిగిపోతే, ఈపాటికి ఇంటింటా రోబో టీ పోస్తూ ఉండాలి కదా?

"ఒకసారి చేసి చూపించడం వేరు, రోజూ చెయ్యడం వేరు మామయ్యా. ఆ సీసా, ఆ కప్పు, ఆ బల్ల, ఆ వెలుతురు అన్నీ ముందే తెలుసు దానికి. సీసా మారినా, మూత బిగుసుకున్నా ఏం చేస్తుందనేదే అసలు పరీక్ష" అన్నాడు మేనల్లుడు.

ఆ పరీక్ష అదే ఏడాది వచ్చింది. 2011 మార్చిలో సునామీ తర్వాత ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రంలోకి మనుషులు అడుగుపెట్టలేని పరిస్థితి. మనిషి ఆకారపు ఈ రోబోలకు, అంటే హ్యూమనాయిడ్‌లకు, పుట్టినిల్లు జపానే. మొట్టమొదటి నిలువెత్తు మరమనిషి వాబోట్-1 ఇదే టోక్యోలోని వసేదా యూనివర్సిటీలో 1973లో నడిచింది. అలాంటి దేశంలో, ఆ ఏప్రిల్‌లో రియాక్టర్ భవనాల్లోకి ముందుగా వెళ్లినవి అమెరికా నుంచి వచ్చిన ప్యాక్‌బాట్‌లు. ట్యాంకులకు ఉండేలాంటి పట్టాల మీద పాకుతూ వెళ్లే చిన్న యంత్రాలు అవి. వేదికల మీద నడిచిన కాళ్లకు శిథిలాల్లో నడిచే శక్తి లేదని లోకానికంతటికీ తెలిసింది. ఆ లోటు తీర్చాలనే అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా పోటీ పెట్టింది. 2015 జూన్‌లో కాలిఫోర్నియాలోని పొమోనాలో ఫైనల్ జరిగింది. తలుపు తీయబోయి కొన్ని రోబోలు వెల్లకిలా పడ్డాయి, కొన్ని నిలుచున్నచోటే కుప్పకూలాయి. 20 లక్షల డాలర్ల మొదటి బహుమతి దక్షిణ కొరియా వారి హ్యూబోకి దక్కింది. దాని మోకాళ్ల దగ్గర చక్రాలున్నాయి. అవసరమైనచోట మోకరిల్లి చక్రాల మీద దొర్లింది, మెట్లు వచ్చినప్పుడు లేచి నిలబడింది. మనిషి ఆకారాన్ని వ్రతంలా పట్టుకోకుండా పనికి కావలసినంతే వాడుకున్నందుకు దాన్ని నేను మనసారా మెచ్చుకుంటాను.

మర్నాడు నిహొన్‌బాషిలో ఉన్న డాన్ కేఫ్‌కి వెళ్లాం. 2021లో తెరిచిన ఈ కాఫీ దుకాణంలో వడ్డించేవి రోబోలే, వాటి వెనక ఉన్నది మాత్రం మనుషులు. పక్షవాతం, కండరాల జబ్బులు, వెన్నెముక దెబ్బలతో మంచం దిగలేని వాళ్లు తమ ఇళ్ల నుంచే వీటిని నడుపుతారు. వాళ్లను ఇక్కడ పైలట్లు అంటారు. మా బల్ల మీద జానెడు ఎత్తున్న తెల్లటి ఒరిహిమె రోబో ఉంది. అది తల మా వైపు తిప్పి, ఒక స్త్రీ గొంతుతో పలకరించింది. ఆమె ఉంటున్నది టోక్యోకి చాలా దూరంలోని ఊరట. ఎక్కణ్ణుంచి వచ్చారని అడిగింది. హైదరాబాద్ అని మేనల్లుడు జపనీస్‌లో చెప్పగానే బిర్యానీ గురించి ఆరా తీసింది. ఆ చిన్న చేతులు ఊపుతూ నవ్వింది. కాసేపటికి ఛాతీ ఎత్తున్న ఇంకో రోబో ట్రేలో కాఫీ పట్టుకొచ్చింది. దాన్ని నడిపిస్తున్నది మరొక పైలట్.

వెళ్లేముందు ఆమెను ఒకటే అడిగాను, ఈ పనిలో మీకు నచ్చినది ఏమిటని. తనకోసం ఎవరో ఎదురుచూసే వేళ అంటూ రోజులో ఒకటి ఉండటం అని చెప్పింది.

ఇక్కడి రోబోకి నడక రాదు, సొంత తెలివి లేదు, పెద్ద బరువు ఎత్తదు. అయినా టోక్యోలో నేను చూసినవాటిలో నూటికి నూరు మార్కులు దీనికే. లోపల ఎవరున్నారో దాచలేదు. ఆ మనిషికి బతుకుతెరువు ఇచ్చింది, నలుగురిలో కలిపింది. దీని పక్కన 2024 అక్టోబరులో టెస్లా జరిపిన వేడుకను పెట్టి చూడండి. ఆప్టిమస్ రోబోలు అతిథులకు పానీయాలు అందించాయి, కబుర్లు చెప్పాయి. చాలావరకు వాటిని దూరం నుంచి మనుషులే నడిపించారని తర్వాత బయటికొచ్చింది. రెండుచోట్లా వాడిన పద్ధతి ఒకటే. ఒకచోట అది సేవ అయింది, ఇంకోచోట భ్రమ అయింది. రోబోను చూసినప్పుడు వేయాల్సిన మొదటి ప్రశ్న నాకు ఇక్కడే దొరికింది: దీన్ని ఇప్పుడు నడిపిస్తున్నది ఎవరు?

నేనూ మేనల్లుడూ బీజింగ్‌లో దిగేసరికి ఊరంతా రోబోల ఆటల పోస్టర్లే. 2022 శీతాకాల ఒలింపిక్స్‌కి కట్టిన ఐస్ రిబ్బన్ స్టేడియంలో ప్రపంచ హ్యూమనాయిడ్ రోబో క్రీడలు పెట్టారు. 16 దేశాలు, 280 జట్లు. స్కేటింగ్ జరిగిన మంచు స్థానంలో ట్రాక్ పరిచారు. అమ్మమ్మలూ తాతయ్యలూ మనవల్ని ఎత్తుకుని వచ్చారు. తుపాకి పేలగానే రోబోలు కదిలాయి, వాటి పక్కనే రిమోట్లు పట్టుకున్న కుర్రాళ్లు చెమటలు కక్కుతూ పరుగెత్తారు. 1500 మీటర్ల పందెం హాంగ్‌జౌకి చెందిన యూనిట్రీ వారి హెచ్1 గెలిచింది. దాని సమయం 6 నిమిషాల 34 సెకన్లు. 1998 నుంచి చెక్కుచెదరని మనిషి రికార్డు 3 నిమిషాల 26 సెకన్లు. అంటే ఇంకా సగం వేగమే. అయినా పదేళ్ల క్రితం తలుపు దగ్గర కూలిపోయిన జాతి ఇప్పుడు వంపులు తిరుగుతూ కిలోమీటరున్నర పరుగెత్తుతోంది. చూస్తుంటే ఒళ్లు పులకరించింది.

ఈ మార్పు ఎలా వచ్చిందో మేనల్లుడు విడమరిచి చెప్పాడు. ఇదివరకు ప్రతి అడుగునూ ఇంజినీర్లు లెక్కగట్టి రాసేవారు. ఇప్పుడు కంప్యూటర్ లోపల ఒక బొమ్మ లోకం కట్టి, అందులో ఒకే రోబోకి వేల నకళ్లు పుట్టించి నడవమంటారు. పడినవాటికి మార్కు తగ్గిస్తారు, నిలిచినవాటికి పెంచుతారు. మనకి ఒక్క రాత్రి గడిచేలోపు వాటికి ఏళ్ల సాధన పూర్తవుతుంది. ఆ నేర్పును తెచ్చి నిజం రోబోలో పెడతారు. దీనికి తోడు మోటార్లు చవకయ్యాయి, చైనాలో విడిభాగాలు అడిగిన వెంటనే దొరుకుతున్నాయి. కాళ్లు ఇలా వచ్చాయి.

వంద మీటర్లు బీజింగ్‌కే చెందిన తియన్‌గాంగ్ అల్ట్రా 21.50 సెకన్లలో గెలిచింది. రిమోట్ మీద పరుగెత్తేవాటికీ సొంతంగా పరుగెత్తేవాటికీ నిర్వాహకులు సమయం లెక్కించడంలో తేడా పెట్టారు. ఆ నియమం నాకెంతో నచ్చింది. డాన్ కేఫ్‌లో దొరికిన నా ప్రశ్న ఇక్కడ అంకెల్లోకి ఎక్కింది.

ఆ దృష్టితో చూస్తే ఫుట్‌బాల్ మైదానం వేరేగా కనిపించింది. చిన్న పిల్లలంత రోబోలు, జట్టుకి అయిదు. బంతి కోసం వెళ్లి ఒకదానికొకటి తగులుకుని నాలుగు ఒకేసారి కుప్పగా పడ్డాయి. జనం పగలబడి నవ్వారు. కానీ ఆ మైదానం పక్కన రిమోట్ ఎవరి చేతిలోనూ లేదు. బంతి ఎక్కడుందో, తమ గోల్ ఎటువైపో, ఎప్పుడు తన్నాలో అన్నీ అవే తేల్చుకుంటున్నాయి. బాక్సింగ్ రింగులో హుషారుగా తన్నుకుంటున్న రోబోల వెనక మాత్రం మనుషుల వేళ్లున్నాయి. పడిపోతున్న ఆటగాడే నేర్పరితనంలో ఒక మెట్టు పైన ఉన్నాడు. ఇది చప్పట్ల హోరును బట్టి తెలిసేది కాదు.

జనం పలచగా ఉన్న మూల మరో పోటీ జరుగుతోంది. ఆసుపత్రిలో మందులు వేరుచేసే పని. నేను ఎక్కువసేపు నిలబడింది అక్కడే. బల్ల మీద మందుల అట్టపెట్టెలు, ఎదురుగా ఒక రోబో, పక్కన స్టాప్‌వాచ్ పట్టుకున్న జడ్జి. రోబో చెయ్యి నెమ్మదిగా దిగింది. రెండు పెట్టెలు ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. మనమైతే వేలికొసతో ఒకదాన్ని కాస్త పక్కకి జరిపి, సందు చేసుకుని తీస్తాం, చేసినట్టు మనకే తెలియదు. ఇది రెండు వేళ్లూ పెట్టె మీద మోపింది. పట్టు జారింది. చెయ్యి వెనక్కి తీసుకుని, తల వంచి కెమెరాతో మళ్లీ చూసింది. ఈసారి వేళ్లు కొంచెం పక్కకి దించింది. పెట్టె ఒక అంచు మీద లేచి, వాలి, యథాస్థానంలో పడింది. మూడో ప్రయత్నంలో పట్టు దొరికింది. అట్ట కొద్దిగా నొక్కుకుపోయింది. దాన్ని మోసుకెళ్లి బుట్టలో వదిలేలోపు పక్క ట్రాక్ మీద ఒక పందెం మొదలై పూర్తయింది కూడా.

"నా పరిశోధన అంతా ఆ మొదటి జారుడు గురించే" అన్నాడు మేనల్లుడు. నేల గట్టిది, పాదం దాన్ని తాకుతుంది లేదా తాకదు, అంతే. అందుకే బొమ్మ లోకంలో నడక నేర్చుకోవచ్చు. వస్తువును పట్టుకోవడం అలా కాదు. అట్ట నలుగుతుంది, సంచి సాగుతుంది, తడి గ్లాసు జారుతుంది. జారడం మొదలైన క్షణంలోనే మన వేలికి తెలిసిపోతుంది, పట్టు బిగుస్తుంది. మనిషి ఒక్కో చేతిలో, అరచేయీ వేళ్లూ కలిపి, స్పర్శ నాడులు దాదాపు 17,000 ఉంటాయి. ఈ స్పర్శని కొలిచే చర్మమూ, నేర్పే బొమ్మ లోకమూ రెండూ ఇంకా పచ్చిగానే ఉన్నాయి. కెమెరా చూపుతో ఆ లోటు పూడ్చుకోవాలని ఇప్పటి రోబోలు తంటాలు పడుతున్నాయి.

నగరం ఆగ్నేయాన యీజువాంగ్‌లో రోబో మాల్ ఉంది. ఆ ఆగస్టులోనే తెరిచారు, నాలుగు అంతస్తులు. కారు షోరూమ్‌లో లాగే కొనుక్కోవడం, విడిభాగాలు, మరమ్మతు అన్నీ అక్కడే. ఈ యీజువాంగ్ రోడ్ల మీదే 2025 ఏప్రిల్ 19న మనుషులతో పాటు రోబోలు హాఫ్ మారథాన్ పరుగెత్తాయి. తియన్‌గాంగ్ అల్ట్రా 2 గంటల 40 నిమిషాల్లో పూర్తిచేసింది. మధ్యలో మూడుసార్లు బ్యాటరీ మార్చారు, ఒకసారి కింద పడింది. ఆ బ్యాటరీల సంగతి తలుచుకుంటూనే ధరల చీటీలు చదివాను. యూనిట్రీ జీ1 చైనాలో 99,000 యువాన్లకు మార్కెట్‌లోకి వచ్చింది, మన లెక్కలో 12 లక్షల రూపాయలకు అటూ ఇటూ. 35 కిలోలు, బ్యాటరీ రెండు గంటలు. దాని తమ్ముడు ఆర్1 ధర 2025లో 39,900 యువాన్ల నుంచి మొదలైంది, అంటే అయిదు లక్షల లోపే. ఇరవై ఏళ్లకు పైగా హోండా ఒక్కటే కూర్చుని చేసిన పని ఇప్పుడు ఒక కారు ధరకి వస్తోంది. యూనివర్సిటీలకు ఇది వరం. మేనల్లుడి లాంటి పిల్లలు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో కూడా దీని మీద ప్రయోగాలు చేసుకోగలరు. అయితే ఈ ధరకి వచ్చే రోబో చేతికి పనిచేసే వేళ్లు ఉండవు. వేళ్లు కావాలంటే ఖరీదు వేరే. ఏది తేలికో ఏది కష్టమో ధరల చీటీయే చెబుతోంది.

కర్మాగారాల్లో ఏం జరుగుతోందో కూడా ఇక్కడ కలిపి చూడాలి. షెన్‌జెన్‌కి చెందిన యూబీటెక్ వారి వాకర్ ఎస్2 తన బ్యాటరీని తానే మూడు నిమిషాల్లో మార్చుకుంటుంది. అమెరికాలో ఎజిలిటీ వారి డిజిట్ 2024 నుంచి జార్జియా రాష్ట్రంలోని ఒక గోదాములో ప్లాస్టిక్ డబ్బాలు మోస్తోంది. 2025 నవంబరుకి లక్ష డబ్బాలు దాటాయి. ఎప్పుడూ ఒకే రకం డబ్బా, మనుషులు తిరగని చోటు. వార్తల్లో అంతగా మెరవని ఆ లక్ష డబ్బాల్ని నేను ఏ పిల్లిమొగ్గ కంటేనైనా గొప్పగా చూస్తాను. ఫిగర్ సంస్థ రోబోలు స్పార్టన్‌బర్గ్ బీఎండబ్ల్యూ ప్లాంటులో పదకొండు నెలల్లో 90,000కు పైగా లోహపు రేకుల్ని వెల్డింగ్ చట్రాల్లో అమర్చాయని ఆ సంస్థే లెక్క ఇచ్చింది. అన్నిటికంటే ఎక్కువగా చెడిపోయిన భాగం ముంజేయి అని కూడా చెప్పింది. దాచుకోకుండా చెప్పిన ఆ ఒక్క మాటకు వాళ్లకు నమస్కారం పెట్టాలి. మళ్లీ చెయ్యే చూడండి.

వీటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న మరో చిక్కు పడిపోవడం. నాలుగు చక్రాల బండికి కరెంటు పోతే ఉన్నచోటే ఆగుతుంది. రెండు కాళ్ల రోబోకి కరెంటు పోతే కూలుతుంది. పక్కన ముసలివాళ్లో పసిపిల్లలో ఉంటే ముప్పై, అరవై కిలోల లోహం వాళ్ల మీద పడుతుంది. డిజిట్‌ను మనుషులకు దూరంగా పెట్టింది అందుకే. ఇలా నిరంతరం బ్యాలెన్స్ చేసుకునే యంత్రాలకు భద్రతా ప్రమాణాలను అంతర్జాతీయ సంస్థలు ఇప్పుడిప్పుడే రాస్తున్నాయి.

ఈ విషయం నన్ను ఇంతగా పట్టుకోవడానికి కారణం ఉంది. మా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో పిల్లలంతా అమెరికాలో, పెద్దవాళ్లు పెద్ద ఇళ్లలో ఒంటరిగా ఉన్న వీధులు నాకు తెలుసు. మందు వేళకి ఇచ్చేవాళ్లు, మంచం మీద పక్కకి తిప్పి పడుకోబెట్టేవాళ్లు దొరక్క వాళ్లు పడే అవస్థా తెలుసు. ఇంటికి రోబో అనే ప్రకటన మొదట తట్టేది ఆ తలుపులే. 2025 అక్టోబరులో 1ఎక్స్ సంస్థ ఇంటిపనుల నియోను 20,000 డాలర్లకు ముందస్తు బుకింగ్‌కి పెట్టింది. దానికి రాని పనిని సంస్థ మనిషి దూరం నుంచి దాని కళ్లతో చూస్తూ చేసిపెడతాడు. డాన్ కేఫ్‌లో మాదిరిగా ఆ సంగతి చెప్పే అమ్ముతున్నారు, అది మెచ్చుకోదగ్గదే. కానీ మన ఇంట్లో, మన అమ్మ గదిలో ఆ కళ్ల వెనక ఎవరుంటారు, ఏం చూస్తారు, ఏం దాచుకుంటారు అనేది కొనే ముందు తేల్చుకోవాల్సిన లెక్క.

కాబట్టి ఏ హ్యూమనాయిడ్‌ను చూసినా నాలుగు ప్రశ్నలు వేయమంటాను. ఇప్పుడు దీన్ని నడిపిస్తున్నది ఎవరు? పరిచయం లేని వస్తువు చేతికిస్తే ఏం చేస్తుంది? పని గంటల్లో ఎన్నిసార్లు మనిషి వచ్చి సాయం చేయాల్సి వచ్చింది? పడితే ఎవరి మీద పడుతుంది? ఈ నాలుగింటికీ అంకెలతో జవాబిచ్చే సంస్థను నమ్మవచ్చు. వీడియోతో జవాబిచ్చే సంస్థను ఇంకొన్నాళ్లు ఆగమనవచ్చు. రైలులో పుట్టిన అయిదో ప్రశ్న కూడా ఉంది: ఈ పనికి మనిషి ఆకారం నిజంగా కావాలా? టోక్యో హోటళ్లలో పిల్లి ముఖంతో, చక్రాల మీద, అరల్లో పళ్లాలు మోసుకొచ్చే బెల్లాబాట్‌లు రెండు కాళ్లు లేకుండానే రోజూ వేలమందికి భోజనం అందిస్తున్నాయి.

ఈ ప్రశ్నల వెలుగులో ఇవాళ్టి రోబోలకు మార్కులు వేస్తే నడకకి బాగా ఎక్కువ, ఓర్పుకి సగం, భద్రతకి తక్కువ, చేతికి అన్నిటికంటే తక్కువ. నేను నిరాశతో చెప్పడం లేదు. నడకకి కూడా పదేళ్ల కిందట ఇంతే మార్కులు. మంచం మీది మనిషిని నొప్పి తెలియకుండా పక్కకి తిప్పే చెయ్యి వచ్చిన రోజు అది కోట్ల ఇళ్లకు మేలు చేస్తుంది. దానికోసం ల్యాబుల్లో అట్టపెట్టె జారుళ్లు లెక్కపెట్టుకుంటున్న పిల్లలకు మనం ఇవ్వాల్సింది డబ్బూ, ఓపికా, నిజాయితీగా వేసే మార్కులూ. పత్రికలు కూడా పరుగు పందెం ఫలితాలు లోపలి పేజీలకు పంపి, మందుల పెట్టెల పోటీలో ఎన్ని సరిగ్గా చేరాయో మొదటి పేజీలో వెయ్యాలి. మన ఇళ్లకు కావలసిన కబురు అదే.